మాటల మూట: దివాణంలో గుమాస్తా, హాల్లో దివాన్ కాట్

పోయిన సంచికలో జమీందారీ నాటి మాటల గురించి రాస్తూ ‘దివాణం’ ఫారసీ మాట అని ఒక్క ముక్క అనేసి వదిలేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. అందుకని మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను, అడిగినవాళ్ళు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మా అత్తగారి నాన్నగారు పిఠాపురం వైపు దివాణంలో గుమాస్తాగా చేశారట, ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ గర్వంగా చెప్తారు. మొన్న హాల్లోకి దివాన్ కాట్ కొన్నాం. మా అబ్బాయి దాని మీద దూకి ‘నానమ్మా, నీ దివాణం ఇంటికొచ్చింది’ అన్నాడు. ఆవిడకి కోపం వచ్చింది. రెండూ ఒకే మాటా, లేక ఊరికే పేరు కలిసిందా? – ఒక గృహిణి, సామర్లకోట

జవాబు: మీ అబ్బాయి సరదాకి అన్నా నిజమే అన్నాడమ్మా, అత్తగారికి నా తరఫున సర్దిచెప్పండి. రెండూ ఒకటే మాట. మధ్యలో ఓ పదమూడు వందల ఏళ్ళు, ఐదారు దేశాలు ఉన్నాయి, అంతే.

మాట ఫారసీది. మొదట్లో దానికి కుర్చీతోగానీ రాజుతోగానీ సంబంధం లేదు. దీవాన్ అంటే రాసిపెట్టిన కాగితాలు, లెక్కల చిట్టా. 7వ శతాబ్దంలో అరబ్బులు ఇరాన్‌ని గెలిచినప్పుడు అక్కడి పాలన పద్ధతులతోపాటు ఈ మాటనీ తీసుకున్నారు. ఖలీఫా ఉమర్ కాలంలో యుద్ధంలో గెలిచిన సొమ్ము ఎవరికెంత ఇవ్వాలో పేర్లు రాసిన పట్టీ ఒకటి తయారైంది, దాన్నే దీవాన్ అన్నారు. పట్టీ ఉంటే దాన్ని దాచే గది కావాలి, ఆ గదీ దీవాన్ అయింది. గదిలో కూర్చుని లెక్కలు చూసే ఆఫీసుకీ అదే పేరొచ్చింది. మన వైపుకి వచ్చేసరికి ఆ ఆఫీసు పెద్దాయనే దివాన్ అయిపోయాడు. మొగలుల దగ్గర దివాన్ అంటే పన్నులు, ఖజానా చూసే మంత్రి. మైసూరు, తిరువాంకూరు లాంటి సంస్థానాల్లో ఏకంగా ప్రధానమంత్రి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మైసూరుకి 1912 నుంచి 1918 దాకా దివాన్. ఆయన పూర్వీకుల ఊరు మన గిద్దలూరు వైపున్న మోక్షగుండమే.

తెలుగువాళ్ళం దానికి మన అలవాటు ప్రకారం చివర ఒక ‘ము’ తగిలించి దివాణము చేసుకున్నాం, న కాస్తా ణ అయింది. మరాఠీలో కూడా ణ తోనే దివాణ్, దివాణ్‌జీ అంటారు. కోస్తా జమీందారీల్లో దివాణం అంటే జమీందారు గారి కచేరీ, ఒక్కోసారి ఆయన మేడ, ఇంకోసారి మొత్తం ఆ సర్కారే. ‘దివాణం వారి చెరువు’ అంటే అది ఏ ఒక్క మనిషి చెరువూ కాదు కదా.

ఇక కాట్ సంగతి. ఇస్తాంబుల్ తోప్‌కాపీ రాజభవనంలో ఉస్మానీ తుర్కుల మంత్రిమండలి కూర్చునే హాలు ఇప్పటికీ ఉంది. ఆ మండలి పేరు దివాన్. గోడల వెంట చుట్టూ పొడుగ్గా, ఎత్తు తక్కువ ఆసనాలు, మెత్తలు, వాటి మీద వజీర్లు వరసగా కూర్చుంటారు. పైన గోడలో జాలీ పెట్టిన చిన్న కిటికీ ఉంటుంది, సుల్తాను లోపల ఉన్నాడో లేడో తెలియకుండా అక్కడి నుంచి వినేవాడు (మీటింగులో కెమెరా ఆఫ్ చేసుకుని వినే బాసులు ఇప్పుడు పుట్టినవాళ్ళు కాదు). అక్కడికొచ్చిన ఐరోపావాళ్ళకి మంత్రుల తగాదాలు ఏం అర్థమయ్యాయోగానీ, ఆ మెత్తల సీటు మాత్రం బాగా నచ్చింది. వెనక ఆనుకునే చెక్క లేని, గోడకి జరిపి వేసుకునే పొడుగు సీటుని వాళ్ళు దివాన్ అన్నారు. అదే ఇంగ్లీషులో కూడా కుదురుకుని మన ఫర్నిచర్ షాపుకి చేరింది. మరాఠీవాళ్ళు ఇంట్లో ముందు హాలుని దివాణ్‌ఖానా అంటారు, అది ఇటువైపు దారిలో వచ్చింది.

ఇదేదో విడ్డూరం అనుకోకండి, మన ‘కొలువు’ సంగతి చూడండి. రాజు కొలువు దీరాడు అంటే సభ. కొలువు దొరికింది అంటే ఉద్యోగం. సంక్రాంతికీ దసరాకీ పిల్లలు పెట్టేది బొమ్మల కొలువు. మెట్లు మెట్లుగా బొమ్మలు కూర్చోబెట్టడానికీ, జీతానికీ ఏమిటి సంబంధం అని మనం ఎప్పుడైనా తల పట్టుకున్నామా? కచేరీ కూడా అంతే, ఒకప్పుడు తహసీల్దారు ఆఫీసు, ఇప్పుడు పాట కచేరీ.

మా ఇంట్లోనూ ఒక దివాన్ కాట్ ఉంది. దాని పెట్టె మూత ఎత్తాలంటే పరుపు తీయాలి, పరుపు తీయాలంటే దాని మీద పడుకున్న మా నాన్న లేవాలి, కాబట్టి ఏడాదికి రెండుసార్లకి మించి తెరవం. కిందటి ఉగాదికి తెరిస్తే రెండు రజాయిలు, పెళ్ళిలో ఎవరో పెట్టిన డిన్నర్ సెట్టు, అడుగున ఒక సంచీ నిండా ఇంటిపన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు, ఇల్లు కట్టినప్పటి సిమెంటు లెక్కల నోటుబుక్కు బయటపడ్డాయి. ఖలీఫా గారి మొదటి అర్థం ప్రకారం చూస్తే అసలు దివాన్ ఆ సంచీయే.

ప్రశ్న: సార్, మాది రాజంపేట. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా ఉన్నాను. మా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో బయటి గేటు పక్కన పెద్ద గది ఉంటుంది, దాన్ని దీవానియా అంటారు. సాయంత్రమైతే మగవాళ్ళంతా అక్కడ చేరతారు, వాళ్ళకి టీలు కాఫీలు అందించలేక మా కుక్‌కి టెన్షన్. అది కూడా ఈ మాటేనా?

జవాబు: అదే. మీరు రోజూ చూస్తున్నది ఈ మాటకున్న అన్ని అర్థాలూ ఒక్క గదిలో. గోడల వెంట మెత్తలు ఉన్నాయి, సభ ఉంది, సర్కారు మాటలు కూడా ఉన్నాయి, ఎందుకంటే 2024లో పార్లమెంటుని రద్దు చేసేదాకా కువైట్‌లో ఎన్నికలొస్తే అభ్యర్థులు దీవానియాలు తిరిగే ఓట్లు అడిగేవాళ్ళు. వ్యాపారం, పెళ్ళి సంబంధం, సిఫారసు అన్నీ అక్కడే. వీధిలోంచి నేరుగా లోపలికి రావడానికి దానికి వేరే తలుపు ఉంటుంది, ఇంట్లోవాళ్ళకి ఇబ్బంది లేకుండా. మన పల్లెల్లో రచ్చబండనీ, వీధి అరుగునీ కలిపి ఏసీ పెట్టించినట్టన్నమాట. మీ ఉత్తరం చదివాక నాకు తట్టింది, కడప, అన్నమయ్య జిల్లాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్ళి గల్ఫ్‌లో పని చేస్తున్నవాళ్ళు మన పాత దివాణం మాటని మళ్ళీ కొత్తగా, అరబ్బుల నోట నేరుగా నేర్చుకుంటున్నారు. పిఠాపురం గుమాస్తాగారికి తెలిసిన మాటే మీ ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌లో ఇంటికి వెళ్తోంది, ‘దీవానియాలో ఉన్నా, మళ్ళీ చేస్తా’ అని.

ప్రశ్న: మీరు పోయిన సంచికలో దివాణం ఫారసీ మాట అని తేల్చేశారు. ‘దివ్’ అనే సంస్కృత ధాతువు ఉండగా, దివ్యము, దేవుడు లాంటి మాటలు ఉండగా, ఫారసీ దాకా పోవడం ఎందుకు? మనవన్నీ బయటివే అని రాయడం ఈమధ్య ఫ్యాషన్ అయిపోయింది. – ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, కోప్పడకండి. మీకు నచ్చే విషయం ఒకటి చెప్తాను, కాకపోతే అది దివ్ ధాతువు వైపు నుంచి రాదు.

దీవాన్ అనే ఫారసీ మాటలో మొదటి ముక్క ప్రాచీన పారశీకంలోని ‘దిపి’. దిపి అంటే రాత, శాసనం. చక్రవర్తి దారయవహుషుడు, అదే మనం డేరియస్ అంటున్నామే ఆయన, ఇరాన్‌లో బేహిస్తూన్ కొండ మీద చెక్కించిన పెద్ద శాసనాన్ని తనే దిపి అని పిలుచుకున్నాడు. ఆ దిపి ఉండే చోటు దీవాన్ అని ఎక్కువమంది పండితులు చెప్పే వ్యుత్పత్తి.

ఇప్పుడు మన వైపు రండి. అశోకుడి శాసనాలు కర్నూలు జిల్లాలో పత్తికొండ దగ్గర ఎర్రగుడిలో ఉన్నాయి కదా, ఆ బండల మీద బ్రాహ్మీ లిపిలో ‘ధమ్మలిపి’ అని ఉంటుంది. ఇవే ఆజ్ఞలు వాయవ్యాన, ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీ, మాన్‌సెహ్రా బండల మీద ఖరోష్ఠి అనే ఇంకో లిపిలో చెక్కారు. అక్కడ అదే చోట ‘ధ్రమదిపి’ అని ఉంటుంది. లిపి కాదు, దిపి! షాబాజ్‌గఢీలో అయితే ‘రాయబడింది’ అనే చోట ‘నిపిస్త’ అన్నారు, అది అచ్చంగా పారశీకపు మాట. ఆ ప్రాంతం అంతకుముందు పారశీక చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది, అక్కడి రాయసగాళ్ళకి పాత మాట నోట్లోంచి పోలేదు. పాణిని వ్యాకరణంలో లిపి, లిబి అని రెండు రూపాలూ కనిపిస్తాయి. పాణిని ఊరని చెప్పే శలాతురం కూడా ఆ వైపుదే. ‘లిప్’ అంటే పూయడం అనే ధాతువు నుంచి లిపి వచ్చిందని మనం బళ్ళో చదువుకున్నాం, దిపి అన్నది లిపిగా మారడంలో ఆ ధాతువు వాసన తగిలి ఉండొచ్చు. కానీ ఎర్రగుడి లిపీ, షాబాజ్‌గఢీ దిపీ పక్కపక్కన పెట్టుకుని చూశాక నాకైతే అనుమానం మిగల్లేదు.

అంటే మీరు జీవితమంతా నల్లబల్ల మీద రాసి నేర్పిన తెలుగు లిపి, సామర్లకోట అమ్మగారి ఇంట్లో దివాన్ కాట్, రెండూ అన్నదమ్ముల బిడ్డలు.

దిపి కూడా పారశీకుల సొంతం కాదు. వాళ్ళకంటే ముందు పక్కనున్న ఎలామువాళ్ళు ‘తుప్పి’ అన్నారు, వాళ్ళ కంటే ముందు బాబిలోనువాళ్ళు ‘తుప్పు’ అన్నారు (మన ఇనప తుప్పుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, ఉత్తరాలు రాయకండి), అందరికంటే ముందు సుమేరువాళ్ళు ‘దుబ్’ అన్నారు. దుబ్ అంటే తడి మట్టి పలక. దాని మీద రెల్లుపుల్లతో గీతలు నొక్కి ఎండబెట్టేవాళ్ళు, గొర్రెలెన్ని, బార్లీ ఎంత, ఎవరు బాకీ. సుమేరులో బడిని ‘ఎడుబ్బ’ అనేవాళ్ళు, పలకల ఇల్లు అని. మన పిల్లలకి పలకా బలపం పట్టించి అక్షరాభ్యాసం చేయించే మీలాంటి మాస్టారికి అంతకంటే దగ్గరి మాట ఏముంటుంది చెప్పండి.

హైదరాబాద్‌లో ఉన్న పాఠకుల కోసం ఇంకొకటి. పాతబస్తీలో దబీర్‌పురా ఉంది, పాత నగరపు దర్వాజాల్లో ఇప్పటికీ నిలిచి ఉన్న వాటిలో దబీర్‌పురా దర్వాజా ఒకటి. దబీర్ అంటే ఫారసీలో రాతగాడు, కార్యదర్శి. దానిలోనూ మొదట్లో ఉన్నది ఈ దిపియే. ఎంఎంటీఎస్‌లో ఆ స్టేషన్ దాటేటప్పుడు ఒకసారి తలుచుకోండి.

ప్రశ్న: బాలీవుడ్ పాటల్లో దివానా, బిజినెస్‌లో దివాలా. దివాన్ పదవి ఊడితే దివాలా, పిచ్చెక్కితే దివానా అని మా ఫ్రెండ్ లాజిక్. కరెక్టేనా? – ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీ ఫ్రెండ్‌కి తోడు ఒక పెద్దమనిషి ఉన్నాడులెండి. 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఇలాంటి కథే రాసి పెట్టాడు. ఇరాన్ చక్రవర్తి ఖుస్రో ఒకరోజు తన లెక్కల గుమాస్తాల దగ్గరికి వెళ్ళాడట, వాళ్ళంతా తమలో తామే గొణుక్కుంటూ లెక్కలు కడుతున్నారు, అది చూసి ‘దీవానే’ అన్నాడట, పిచ్చివాళ్ళు అని, అప్పటి నుంచి ఆ ఆఫీసుకి ఆ పేరు నిలిచిందట. మార్చి నెలాఖరులో ఏ అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్ళినా ఈ కథ నిజమే అనిపిస్తుంది. కానీ కథే.

దివానా వేరే మాట. ఫారసీలో దేవ్, దీవ్ అంటే దయ్యం, అది పట్టినవాడు దివానా. ఆ దేవ్, మన సంస్కృతపు దేవ ఒకటే మాట. మనకి దేవుళ్ళయినవాళ్ళు పాత ఇరాన్ మతంలో దయ్యాలయ్యారు. పైన ఒంగోలు మాస్టారు దేవుడు అనే మాటని దివాణంలో వెతికారు చూడండి, అది దొరికేది ఇక్కడ, పిచ్చివాడి దగ్గర. ఆయనకి చెప్పకండి.

దివాలా హిందీ నుంచి వచ్చింది, దివాన్‌తో సంబంధం లేదు. అప్పులు తీర్చలేని షావుకారు పట్టపగలు కొట్టు ముందు దీపం పెట్టేవాడని, దాన్నిబట్టి ఆ మాట వచ్చిందని చెప్పుకుంటారు. మన వైపు ఎవరూ దీపం పెట్టరు, ఐపీ పెడతారు.

ప్రశ్న: పిల్లలు టూర్‌కి తీసుకెళ్తే ఇటలీ, ఫ్రాన్స్ చూసొచ్చాం. ఇటలీ ఎయిర్‌పోర్టులో ‘దొగానా’ అని, పారిస్‌లో ‘దువాన్’ అని బోర్డులు. పారిస్‌లో అయితే మా ఆవిడ ఆవకాయ జాడీ అక్కడే తెరిచి చూపించాల్సొచ్చింది. దువాన్, దివాన్ ఒకటేనా అని అప్పుడే అనుమానం వచ్చింది. – విజయవాడ

జవాబు: అనుమానం నిజమే. సిసిలీ ద్వీపాన్ని అరబ్బులు ఏలారు, తర్వాత నార్మన్ రాజులు గెలుచుకున్నా లెక్కల ఆఫీసుని మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచుకున్నారు, 12వ శతాబ్దపు లాటిన్ పత్రాల్లో దాని పేరు ‘దువానా’. రేవుల్లో అరబ్బు వర్తకులతో బేరాలాడి, సుంకాలు కట్టిన ఐరోపావాళ్ళకి దివాన్ అంటే సుంకం వసూలు చేసే గదిగానే తెలుసు. అలా ఇటాలియన్‌లో దొగానా, ఫ్రెంచిలో దువాన్, స్పానిష్‌లో అదువానా. స్పానిష్ మాట మొదట్లో ఉన్న అ, అరబ్బీ ‘అల్’ తాలూకు తోక. వెనిస్ పాలకుడిని డోజ్ అనేవాళ్ళు కాబట్టి దొగానా ఆయన పేరు మీద వచ్చిందని గైడు చెప్తే నమ్మకండి, డోజ్ లాటిన్ మాట. జాడీ వెనక్కి ఇచ్చారా లేదా రాయలేదు మీరు.

ప్రశ్న: మా తాతగారి కాగితాల్లో ‘దివానీ’ అనే మాట రెండు రకాలుగా కనిపించింది. ఒకచోట కోర్టు కేసుకి, ఇంకోచోట భూమికి. ఏది ఏమిటి? – కరీంనగర్

జవాబు: రెండూ నిజాం రాజ్యంలో వాడుకలో ఉన్నవే. కేసు విషయంలో దివానీ అంటే సివిల్, ఫౌజుదారీ అంటే క్రిమినల్. ఆస్తులూ అప్పులూ దివాన్ చూసే పని, కొట్లాటలూ ఖూనీలూ ఫౌజుదారు చూసే పని, అదీ మొగలుల నాటి విభజన. హిందీ, మరాఠీల్లో కోర్టులకి ఈ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈ దివానీ హక్కు కోసమే క్లైవ్ తిప్పలు పడింది, 1765 ఆగస్టు 12న మొగలు పాదుషా షా ఆలం బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అంటే పన్ను వసూలు హక్కు. రాజ్యం పాదుషా పేరు మీదే ఉంది, చిట్టా మాత్రం చేతులు మారింది, ఆ తర్వాత ఏం జరిగిందో తెలిసిందే.

భూమి విషయంలో, నిజాం సొంత ఖర్చుకి కేటాయించుకున్న భూములు సర్ఫ్-ఎ-ఖాస్, ప్రభుత్వం కింద ఉన్నవి దివానీ లేదా ఖాల్సా. మీ తాతగారి పొలం దివానీ అంటే శిస్తు నిజాం జేబుకి కాకుండా సర్కారు ఖజానాకి వెళ్ళిందన్నమాట. ఆ ఖజానా వ్యవహారం ఒక దారికి తెచ్చినవాడు మొదటి సాలార్‌జంగ్, 1853 నుంచి 1883లో చనిపోయేదాకా హైదరాబాద్ దివాన్. వాళ్ళ కుటుంబం ఉన్న దివాన్ దేవిడీలోనే 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదలైంది, 1968లో ఇప్పుడున్న భవనానికి మారింది. దేవిడీ పోయింది, గేట్లు మిగిలాయి. వాటి చుట్టూ ఇప్పుడు బట్టల హోల్‌సేల్ దుకాణాలు.

ప్రశ్న: మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం. మా పార్లమెంటులో దిగువ సభ పేరు దేవాన్ రాక్యత్. ఇదీ అదేనా?

జవాబు: అదే. దేవాన్ అంటే సభ, రాక్యత్ అంటే జనం. రాక్యత్ కూడా అరబ్బీ నుంచే, మన రైతు, రయితు, రైత్వారీ అన్నీ ఆ మాట చుట్టాలే. అంటే మీ దిగువ సభ పేరుని తెలుగు చుట్టరికం ప్రకారం పలికితే రైతు దివాణం. టాంజానియా వైపు స్వాహిలీలో దివానీ అంటే కౌన్సిలర్.

ప్రశ్న: గాలిబ్ దివాన్ అంటారు, దానికీ సోఫాకీ ఏమిటండీ?

జవాబు: మొదటి అర్థమే, కూర్చి రాసిపెట్టిన కాగితాల కట్ట. లెక్కలైతే ఖజానా, గజళ్ళైతే కవిత్వం. హైదరాబాద్ కట్టించిన కులీ కుతుబ్ షాకి దక్కనీ ఉర్దూలో దివాన్ ఉంది, అందులో అక్కడక్కడా తెలుగు మాటలూ పడ్డాయి. జర్మన్ కవి గోథే, ఫారసీ కవి హాఫిజ్ దివాన్‌ని అనువాదంలో చదివి పరవశించిపోయి 1819లో తన పుస్తకానికి కూడా దివాన్ అనే పేరు పెట్టుకున్నాడు.

ప్రశ్న: ఇంత చెప్పారు సరే, ఇంతకీ దివాన్ కాట్‌ని మంచి తెలుగులో ఏమనాలి? – భాషాభిమాని, అనంతపురం

జవాబు: దివాన్ కాట్ అనే అనండి. ఆ రెండో ముక్క కూడా మీరనుకున్నట్టు ఇంగ్లీషుది కాదు. సంస్కృతంలో ఖట్వ, హిందీలో ఖాట్, అక్కడి నుంచి కంపెనీ దొరల నోట పడి కాట్ అయి, సీమకి పోయి తిరిగొచ్చింది. తమిళ మలయాళాల్లో మంచాన్ని కట్టిల్ అంటారు, అసలు ఖట్వ కూడా ద్రావిడ భాషల నుంచి వెళ్ళిందేమో అన్న పండితులున్నారు. షాపులో మాత్రం పేరు గురించి బెంగ పెట్టుకోకుండా, మూత హైడ్రాలిక్కా, చేత్తో ఎత్తేదా అని అడగండి. మా నాన్నని లేపకుండా తెరిచేది ఏదైనా ఉందని చెప్తే నాకూ ఒక ముక్క రాయండి.